రెండు చుక్కల మధ్య దూరం మేడ మీది నుంచే కొలవచ్చు

2025 జనవరి మొదటి రెండు వారాలు దేశమంతా ఒక అంకె కోసం ఎదురుచూసింది. 2024 డిసెంబరు 30 రాత్రి 10 గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 మోసుకెళ్లిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాల మధ్య దూరం ఇప్పుడెంత? ఒక రోజు ఒకటిన్నర కిలోమీటరు అన్నారు. మరో రోజు 500 మీటర్లు, ఆ తర్వాత 230. జనవరి 7న కలుస్తాయనుకున్నవి 9కి వాయిదా పడ్డాయి. అనుకున్నదానికన్నా ఎక్కువగా జరిగిపోవడంతో ఆ 9వ తేదీ కూడా దాటింది. 12న వాటిని 15 మీటర్లకు, ఆపైన 3 మీటర్లకు దగ్గరగా తెచ్చి, మళ్లీ వెనక్కి జరిపారు. 16న రెండూ ఒకటయ్యాయి. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఈ పని చేసిన నాలుగో దేశంగా భారత్ నిలిచింది.

ఆ పదిహేను రోజులూ జనం ఆ అంకెను టీవీలో చూశారు, ఫోన్‌లో చదివారు. దాన్ని ఎవరి మేడ మీద వాళ్లు నిలబడి కొలవవచ్చన్న మాట మాత్రం వినిపించడం అరుదు. అంతరిక్ష విజయాలకు చప్పట్లు కొట్టడం ఈ దేశానికి బాగా అలవాటైంది. తలెత్తి చూడటం, చూసినదాన్ని గడియారంతో సరిచూడటం ఇంకా అలవాటు కాలేదు. ఇది ఖరీదైన పరికరాలు లేక వచ్చిన లోటు కాదు.

జంటగా ఎగిరే ఉపగ్రహాలను చూడటంలో ఉన్న సౌలభ్యం వేరు. ఒంటరి ఉపగ్రహం ఆకాశంలో కదిలే చుక్క మాత్రమే. అది ఎంత ఎత్తున ఉందో, ఎంత వేగంతో పోతోందో చూడగానే తెలియదు. అదే రెండు చుక్కలు ఒకే దారిలో ఒకదాని వెనుక ఒకటి వస్తే, వాటి మధ్య దూరం చేతికందే కొలత అవుతుంది. స్పేడెక్స్ తిరిగే 475 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహం సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్లు పోతుంది. మొదటి చుక్క ఒక నక్షత్రాన్ని దాటిన ఎన్ని సెకన్లకు రెండోది అదే నక్షత్రాన్ని దాటిందో లెక్కపెట్టి, ఆ సెకన్లను 7.6తో గుణిస్తే చాలు. రెండున్నర సెకన్ల ఎడం అంటే సుమారు 19 కిలోమీటర్లు. అర సెకను ఎడం అంటే నాలుగు కిలోమీటర్ల కన్నా కాస్త తక్కువ.

దీనికి స్టాప్‌వాచ్ కూడా అక్కర్లేదు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి జేబులో వేసుకోవాలి. కళ్లు నక్షత్రం మీదే ఉంచి, మొదటిది దాటగానే ‘ఒకటి’ అనాలి, రెండోది దాటగానే ‘రెండు’ అనాలి. తర్వాత ఇంట్లో కూర్చుని రికార్డింగ్‌లో రెండు మాటల మధ్య ఎంత సమయం ఉందో చూసుకోవాలి. కన్ను చూశాక నోరు పలకడానికి కొంత ఆలస్యం అవుతుంది కదా అన్న సందేహం సరైనదే. అయితే ఆ ఆలస్యం ‘ఒకటి’కీ ఉంటుంది, ‘రెండు’కీ ఉంటుంది. తీసివేతలో చాలావరకు పోతుంది. కాస్త అలవాటైన మనిషి సెకనులో పదో వంతు దాకా సరిగా చెప్పగలడు. అంటే ఆకాశంలో ముప్పావు కిలోమీటరు తేడా నేల మీద నిలబడ్డ మనిషికి దొరుకుతుంది.

గడియారాలు లేని రోజుల్లో తెలుగు పల్లెల్లో గొల్లకావడి ఎంత వాలిందో, పిల్లలకోడి ఎక్కడికి వచ్చిందో చూసి రాత్రి ఎంత గడిచిందో చెప్పేవారు. ఆకాశాన్ని గడియారంగా వాడటం కొత్త విద్యేమీ కాదు. ఇక్కడ ఆ విద్య తిరగబడింది, అంతే: చేతిలో గడియారం ఉంది, దాంతో ఆకాశాన్ని కొలవాలి.

అసలు విషయం ఒక్క రాత్రి కొలతలో లేదు, వరుసగా వారం రోజులు కొలిస్తే బయటపడేదాంట్లో ఉంది. కక్ష్యలో కింద ఉన్నది త్వరగా తిరుగుతుంది, పైన ఉన్నది నెమ్మదిగా తిరుగుతుంది. రెండు ఉపగ్రహాల్లో ఒకటి కేవలం పది మీటర్లు, అంటే మూడంతస్తుల మేడంత, కింద ఉందనుకోండి. భూమిని ఒకసారి చుట్టి వచ్చేసరికి అది సుమారు 94 మీటర్లు ముందుకు పోతుంది. ఆ ఎత్తులో రోజుకు పదిహేను చుట్లకు పైగా పడతాయి. వారం తిరిగేసరికి పది కిలోమీటర్ల ఎడం ఏర్పడుతుంది. మేడ మీద ‘ఒకటి, రెండు’ అని లెక్కపెట్టే మనిషికి అది 1.3 సెకన్ల మార్పుగా కనిపిస్తుంది. ఇంజిన్లు మండించకుండా, గాలి రాపిడి రెండింటి మీదా ఒకేలా ఉన్నంతవరకు ఈ లెక్క నిలుస్తుంది. 475 కిలోమీటర్ల ఎత్తున ఉన్న పది మీటర్ల తేడా, రికార్డర్ ఉన్న ఒక మామూలు ఫోన్‌కు దొరికిపోతుందన్నమాట. స్పేడెక్స్ జంట జనవరిలో ‘జరిగిపోయింది’ అని వార్తల్లో వచ్చిన మాటకు అర్థం ఇలాంటి లెక్కలోనే ఉంది. పాఠశాలలో కెప్లర్ నియమాలను బట్టీ పట్టించే బదులు ఈ వారం రోజుల పని ఒక్కటి చేయిస్తే, ఆ నియమం ఎందుకు ఉందో పిల్లలకు విడిగా చెప్పనక్కర్లేదు.

ఈ పనికి రాయ్‌పూర్‌లాంటి ఊరు ఎందుకు పనికొస్తుందో చూడండి. ఛత్తీస్‌గఢ్ రాజధాని నుంచి మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖకు రైలు మార్గం ఉంది. రైల్వే ఉద్యోగాల మీద వచ్చి రాయ్‌పూర్‌లో, ఉక్కు కర్మాగారంలో పని కోసం వచ్చి పక్కనే భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వారి చుట్టాలు చాలామంది ఆ రైలు మార్గం రెండో కొసన ఉంటారు. పండక్కి వెళ్లిరావడానికీ, పెళ్లి సంబంధాలకూ వాడుకునే ఈ బంధుత్వం ఉపగ్రహం ఎత్తు కొలవడానికీ అక్కరకొస్తుంది.

రాయ్‌పూర్‌కూ విశాఖపట్నానికీ మధ్య నేరుగా గీత గీస్తే సుమారు 430 కిలోమీటర్లు. స్పేడెక్స్‌లాంటి ఉపగ్రహం తిరిగే ఎత్తు కూడా దాదాపు అంతే. త్రిభుజం వేసి కొలవడానికి ఇంతకన్నా మంచి జోడీ కోరి వెతికినా దొరకడం కష్టం. ముందుగా అనుకున్న ఒక క్షణంలో ఆ చుక్క రాయ్‌పూర్‌లో నడినెత్తిన ఉంటే, అదే క్షణంలో విశాఖలో ఉన్నవారికి ఉత్తరానికి కాస్త పడమరగా, నేలకూ నడినెత్తికీ సరిగ్గా మధ్యలో, అంటే 45 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. ఆ క్షణంలో అది ఏ నక్షత్రం పక్కన ఉందో రాయ్‌పూర్‌లోని మేనత్త, విశాఖలోని మేనకోడలు విడివిడిగా రాసుకుని, ఫోన్‌లో మాట్లాడుకుంటే సరిపోతుంది. 45 డిగ్రీల త్రిభుజంలో అడుగు గీత ఎంతో నిలువు గీతా అంతే. కాబట్టి ఎత్తు 430 కిలోమీటర్లని లెక్క తేలుతుంది.

కానీ అసలు ఎత్తు 475. మిగిలిన 45 కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి? పరిశీలనలో తప్పేమీ లేదు. భూమి బల్లపరుపుగా ఉందనుకుని లెక్క వేయడమే తప్పు. విశాఖ నేల రాయ్‌పూర్ నేలతో పోలిస్తే దాదాపు నాలుగు డిగ్రీలు వంగి ఉంది. ఆ వంపును కలుపుకుంటే 475 వచ్చేస్తుంది. భూమి గుండ్రంగా ఉందనడానికి పుస్తకంలోని ఓడ బొమ్మ కన్నా ఈ 45 కిలోమీటర్లు గట్టి సాక్ష్యం, ఎందుకంటే అది ఆ ఇద్దరి సొంత కొలతలోంచి వచ్చింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. స్పేడెక్స్ ఉపగ్రహాలు ఒక్కొక్కటి 220 కిలోలవి, చిన్నవి. నగరం నడిబొడ్డున మామూలు కంటికి అవి దొరకవు. మంచి బైనాక్యులర్, చీకటి చోటు, అలవాటైన కన్ను కావాలి. రాయ్‌పూర్‌కు ఉత్తరాన ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల పొగ ఉంటుంది, చలికాలంలో అది కిందికి దిగి ఆకాశాన్ని మసకబారుస్తుంది. నవా రాయ్‌పూర్ వైపు వెళ్తే కొంత మేలు. చూడగలిగే వేళ కూడా తక్కువే. నేల మీద చీకటి పడి, పైన ఉపగ్రహం మీద ఇంకా ఎండ పడుతుండాలి. 475 కిలోమీటర్ల ఎత్తుకు అది సూర్యాస్తమయం తర్వాత సుమారు గంటన్నర వరకు, మళ్లీ తెల్లవారుజామున అంతే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం మేఘాలు ఆ అవకాశాన్నీ మింగేస్తాయి.

అయితే జంటలకు కొదవ లేదు. ప్రయోగించిన కొద్ది రోజుల వరకు స్టార్‌లింక్ ఉపగ్రహాలు రైలు పెట్టెల్లా వరుసగా పోతాయి. ఖగోళ శాస్త్రవేత్తలకు అవి తలనొప్పే, కానీ లెక్కపెట్టడం నేర్చుకునేవారికి అంతకన్నా తేలికైన పాఠం లేదు. 1,100 కిలోమీటర్ల ఎత్తున త్రికోణంలా ఎగిరే చైనా యావోగాన్ త్రయాలు, 1976 నుంచి అమెరికా నౌకాదళం పంపుతూ వచ్చిన సముద్ర నిఘా ఉపగ్రహాల గుంపులు బైనాక్యులర్‌కు అందుతాయి. అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమనౌక విడిపోయిన వేళల్లో రెండు చుక్కలు ఒకదాని వెంట ఒకటి పోవడం కంటికే కనిపించిన సందర్భాలు ఉన్నాయి. 2018 మేలో వెళ్లిన గ్రేస్-ఎఫ్‌ఓ జంటది ఇంకో అందం. రెండింటి మధ్య దూరం సుమారు 220 కిలోమీటర్లు. ఒకటి దాటిపోయాక దాదాపు అర నిమిషం ఖాళీ ఆకాశం, ఆపైన అదే దారిలో రెండోది.

ఆ గ్రేస్ సంగతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అక్కడ రెండు ఉపగ్రహాల మధ్య దూరమే పరికరం. కింద నేలలో ద్రవ్యరాశి ఎక్కువున్న చోట ముందున్నది కొంచెం లాగబడుతుంది, ఆ తర్వాత వెనుకది. ఈ సూక్ష్మమైన సాగుడు, ముడుచుకోవడం కొలిచి నేల లోపలి నీటి మార్పును పసిగడతారు. 2002లో ఎగిరిన మొదటి గ్రేస్ జంట కొలతల ఆధారంగానే రాజస్థాన్, పంజాబ్, హరియాణాలు 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలాన్ని కోల్పోయాయని 2009లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. బోరుబావుల లెక్కలు ఎవరి దగ్గర ఎలా ఉన్నా, రెండు చుక్కల మధ్య దూరం అబద్ధం చెప్పలేదు. ‘ధాన్ కా కటోరా’ అని పిలుచుకునే వరి రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో రెండో పంటకు బోరు వేసే రైతు కొడుకు మేడ మీద నిలబడి ఆ అర నిమిషం లెక్కపెడితే, అతను చూస్తున్నది వింత కాదు, తన నీటి లెక్క రాసే కలం.

ఔత్సాహికులు కొలిచేది నిపుణులకు ఏం అక్కరకొస్తుంది అన్న ప్రశ్న రాక మానదు. చరిత్ర సమాధానం చెబుతుంది. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరినప్పుడు, దాన్ని ఫొటో తీయాల్సిన బేకర్-నన్ కెమెరాలు ఇంకా సిద్ధం కాలేదు. అమెరికా ఖగోళవేత్త ఫ్రెడ్ విపుల్ ముందుచూపుతో కూడగట్టిన ‘మూన్‌వాచ్’ స్వచ్ఛంద బృందాలే తొలి రోజుల్లో కొలతలు అందించాయి. తర్వాత ఆ కెమెరాల్లో ఒకటి నైనీతాల్‌కు కూడా వచ్చింది. ఇంగ్లండ్‌లోని కెటరింగ్ అనే చిన్న ఊళ్లో జెఫ్రీ పెర్రీ అనే బడి మాస్టారు, ఆయన విద్యార్థులు ఉపగ్రహాల రేడియో సంకేతాలు వింటూ, వేళలు రాసుకుంటూ, 1966లో సోవియట్ యూనియన్ బయటకు చెప్పని ప్లెసెట్స్క్ ప్రయోగ కేంద్రం ఉనికిని పట్టేశారు. 2018 జనవరిలో కెనడాకు చెందిన స్కాట్ టిల్లీ, నాసా చనిపోయిందని వదిలేసుకున్న ఇమేజ్ ఉపగ్రహం ఇంకా మాట్లాడుతోందని కనిపెట్టారు. 2019 మేలో మొదటి 60 స్టార్‌లింక్‌లు ఎగిరిన మరుసటి రోజు, అధికారిక కక్ష్య వివరాలు రాకముందే, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మార్కో లాంగ్‌బ్రూక్ తానే కక్ష్యను అంచనా వేసుకుని కెమెరా పెట్టి ఆ వరుసను పట్టుకున్నారు. వీరందరిలో కనిపించేది ఒకటే. చూసిన ప్రతిదానికీ వేళ రాసుకున్నారు.

దీనికి ఎదురు ఉదాహరణ రాయ్‌పూర్‌కు దూరంగా ఏమీ లేదు. 2022 ఏప్రిల్ 2 సాయంత్రం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ ఆకాశంలో నిప్పుల వరుస ఒకటి సాగిపోయింది. చంద్రపూర్ జిల్లా సిందేవాహి ప్రాంతంలో పెద్ద లోహపు రింగు ఊళ్లో పడింది. చైనా రాకెట్ భాగం వాతావరణంలోకి తిరిగి వచ్చి మండిపోయిందని నిపుణులు అంచనా వేశారు. ఫోన్ వీడియోలు కుప్పలుగా వచ్చాయి. కానీ ఏ దిక్కుకు తిరిగి తీశారు, సెకను దాకా ఎన్ని గంటలకు తీశారు, వెనుక ఏ నక్షత్రం ఉంది అన్నవి లేని వీడియో ముచ్చటగా చూసుకోవడానికే తప్ప లెక్కకు పెద్దగా పనికిరాదు. 2021 డిసెంబరులో పఠాన్‌కోట్‌లో, 2022 సెప్టెంబరులో లఖ్‌నవూ పరిసరాల్లో స్టార్‌లింక్ వరుస కనిపించినప్పుడూ ఇదే జరిగింది. గ్రహాంతరవాసుల కబుర్లు వాట్సాప్‌లో తిరిగాయి. ఆ కబుర్లను వెక్కిరించడం తేలిక. చూసినదాన్ని ఎలా రాసుకోవాలో ఎన్నడూ నేర్పని బడిని వెక్కిరించాలి ముందు.

రక్షణ రహస్యాల మాట కూడా కొందరు లేవనెత్తుతారు. సైనిక ఉపగ్రహాల జాడలు జనం కొలిస్తే ముప్పు కాదా అని. ప్రతి దేశపు మేడ మీది నుంచీ కనిపించేది రహస్యంగా మిగలదు. అమెరికా తన నిఘా ఉపగ్రహాల కక్ష్యలను బహిరంగ కేటలాగ్‌లో పెట్టకపోయినా, దశాబ్దాలుగా ఔత్సాహికులు వాటిని లెక్కగట్టి ఉంచుతూనే ఉన్నారు. దాచాలనుకునే దేశాలకు ఆ సంగతి తెలుసు. కుర్రవాళ్లను భయపెట్టి ఆపడం వల్ల పోయేది రహస్యం కాదు, ఆ కుర్రవాళ్ల ఆసక్తి.

అసలు లోటు మరోచోట ఉంది. ఈ రోజు రాయ్‌పూర్‌లోనో విశాఖలోనో ఎవరైనా శ్రీహరికోట నుంచి ఎగిరిన ఉపగ్రహం తమ మీదుగా ఎప్పుడు పోతుందో తెలుసుకోవాలంటే ఫోన్‌లో ఒక యాప్ తెరుస్తారు. ఆ యాప్‌లు దాదాపు అన్నీ అమెరికా సైన్యం ప్రచురించే కేటలాగ్ మీద ఆధారపడతాయి. ఇంటి ముందు నుంచి పోయే బండి వేళను ఏడు సముద్రాల అవతలి వాళ్లను అడిగి తెలుసుకోవడం లాంటిది ఇది. బెంగళూరులో 2022 నుంచి అంతరిక్ష వస్తువుల భద్రతను చూసే ఇస్రో కేంద్రం ఉంది. 2030 నాటికి తన ప్రయోగాల వల్ల అంతరిక్షంలో వ్యర్థాలు మిగలకుండా చేస్తామని భారత్ ప్రకటించింది. రాడార్లూ, టెలిస్కోపులూ చేసే ఆ పనికి మేడ మీది మనిషి ప్రత్యామ్నాయం కాదు. ఆ పనికి అయ్యే ఖర్చు ఎందుకో అర్థం చేసుకునే పౌరుడు మాత్రం అక్కడే తయారవుతాడు.

అందుకే ఇస్రో నుంచి కోరాల్సింది పెద్దదేమీ కాదు. జంట ఉపగ్రహాల ప్రయోగం జరిగిన ప్రతిసారీ ప్రత్యక్ష ప్రసారంతో పాటు ఊరి పేరు, వేళ, దిక్కు, ఎత్తు ఉన్న పట్టికను తెలుగులో, హిందీలో, మిగతా భాషల్లో ఇవ్వాలి. చూసినవారు తమ కొలత పంపడానికి నాలుగు గళ్ల ఫారం ఉండాలి: ఎక్కడి నుంచి, ఎన్నింటికి, ఏ నక్షత్రం దగ్గర, ఎన్ని సెకన్ల ఎడం. వచ్చినవాటిని కొట్టిపారేయకుండా అసలు విలువ పక్కన పెట్టి చూపాలి. తన కొలత ఎంత తప్పిందో తెలిసినవాడే రెండోసారి కొలుస్తాడు. రాయ్‌పూర్‌లో పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయానికి భౌతిక, ఖగోళ భౌతిక శాస్త్రాల విభాగం ఉంది, ఊళ్లో రీజనల్ సైన్స్ సెంటర్ ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. రెండు కొసల మధ్య ఇలాంటి జంట పరిశీలన మొదలుపెట్టడానికి వీటికి కొత్త భవనం, కొత్త నిధి అక్కర్లేదు. చలికాలంలో పది సాయంత్రాలు, పిల్లలను మేడ మీదికి రానిచ్చే ఇద్దరు మాస్టార్లు చాలు.

రాబోయే రోజుల్లో కలుసుకునేవి స్పేడెక్స్ అంత చిన్నవి కాబోవు. 2035 నాటికి కడతామంటున్న భారతీయ అంతరిక్ష స్టేషన్‌కు ఒక్కో భాగం వెళ్లి అతుక్కోవాలి. అంత పెద్ద భాగాలు దగ్గరవుతుంటే బైనాక్యులర్ లేని కంటికి కూడా రెండు చుక్కలుగా కనిపించవచ్చు. 475 కిలోమీటర్ల ఎత్తున అయిదు కిలోమీటర్ల ఎడం అంటే ఆకాశంలో పున్నమి చంద్రుడి వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. అది రోజురోజుకూ సన్నబడుతుంటే కొలవడానికి రికార్డర్ పట్టుకున్న చేతులు అప్పటికి సిద్ధంగా ఉండాలంటే సాధన ఇప్పటి చుక్కల మీదే జరగాలి.

రాయ్‌పూర్ ఆకాశం అక్టోబరులో తేటపడుతుంది. విశాఖ తీరానికి మాత్రం అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల బెడద ఉంటుంది. రెండు ఊళ్లూ ఒకే సాయంత్రం నిర్మలంగా ఉండే అవకాశం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కువ. ఆ నెలల్లో సాయంత్రం ఏడు గంటలకు రెండు చోట్లా తూర్పున గొల్లకావడి పైకి లేస్తూ ఉంటుంది, కృత్తికలు బాగా ఎత్తున ఉంటాయి. చుక్క దేని పక్కనుంచి పోయిందో చెప్పుకోవడానికి ఇద్దరికీ తెలిసిన గుర్తులు అవే.